ఆ పుండు కుష్ఠు కాదు

సంపాదకులకు,

రెండేళ్లు సౌదీ ఎడారిలో గొర్రెలు కాసి గత దసరాకు ఇల్లు చేరిన మా పెద్దమ్మ కొడుకు మణికట్టు మీద రూపాయి బిళ్లంత పుండు ఉంది. అంచు గట్టిపడి కట్టలా లేచి, నడుమ గుంటపడి, పైన పొక్కు కట్టిన ఆ పుండు నొక్కినా నొప్పి లేదనేవాడు. ఊళ్లో ఆర్ఎంపీ యాంటీబయాటిక్ సూదులు వేశాడు. పట్నంలో ఒక ఆసుపత్రిలో స్టెరాయిడ్ కలిసిన మలాం రాశారు. ఇంకొకచోట కుష్ఠు అనుమానంతో పరీక్షలకు పంపారు. ఆ మాట ఎలాగో బయటికి పొక్కడంతో ఇంట్లోనే అతని కంచం, గ్లాసు వేరు పెట్టారు. నాలుగు నెలల తర్వాత ఒక డాక్టరు మాత్రం ఎక్కడ పని చేసేవాడివి, రాత్రిళ్లు ఎక్కడ పడుకునేవాడివి అని ముందు అడిగి, పుండు అంచు గీకించి స్లైడు చూసి, ఇది చర్మానికి వచ్చే లీష్మానియాసిస్ అని తేల్చారు.

సౌదీలో అల్ అహ్సా, అల్ ఖసీమ్ వంటి ప్రాంతాల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న వ్యాధి. ఎడారి ఎలుకల ఒంట్లో బతికే పరాన్నజీవిని ఇసుక ఈగ మనిషికి చేరుస్తుంది. మూడు మిల్లీమీటర్లకు మించని ఈ ఈగ దోమలా రొద చేయదు, మామూలు దోమతెర కన్నాల్లోంచి సులువుగా దూరుతుంది, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా కుడుతుంది. కుట్టిన కొన్ని వారాలకో నెలలకో గానీ పుండు పడదు కనుక, గుడారంలో నేల మీద పడుకున్న కాపరికి సెలవు మీద ఇంటికి వచ్చాకే అది బయటపడవచ్చు. తాకితే అంటుకునేది మాత్రం కాదు.

మన దేశంలోనూ ఇది రాజస్థాన్‌లోని బికనీర్ ప్రాంతానికి పాత రోగమే. హిమాచల్‌లో సట్లెజ్ లోయ పల్లెల్లో, కేరళలో అగస్త్యమల అడవుల గిరిజన గూడేల్లో కూడా కనిపించింది. ఇసుక ఈగలైతే మన ఊళ్ల మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో ఉండనే ఉన్నాయి. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో 183 మంది పిల్లలను బలిగొన్న చాందీపురా వైరస్‌ను మోసేవి ఇవేనని అప్పట్లో అందరం విన్నాం. అలాగని ప్రతి ఇసుక ఈగా ప్రతి రోగాన్నీ మోయదు, గల్ఫ్ నుంచి వచ్చినవారిని చూసి ఊరు బెదరనక్కర్లేదు.

నా విన్నపం చిన్నదే. ఈ తెగ పరాన్నజీవిని 1903లో గుర్తించినవారిలో ఒకరైన డోనవాన్ మద్రాసులో పని చేసిన వైద్యుడు. నూట ఇరవై ఏళ్లు దాటినా మన జిల్లాల్లో దాని పేరు ఎవరికీ తట్టకపోవడం విడ్డూరం. మలేరియా స్లైడుకు వాడే జీమ్సా రంగు, మైక్రోస్కోపు దీనికీ సరిపోతాయి, కొత్త యంత్రం కొననవసరం లేదు. మానని పుండుతో వచ్చిన రోగిని ఏ దేశంలో ఉండి వచ్చావని అడిగి, అనుమానం ఉంటే స్లైడు తీయాలని జిల్లా ఆసుపత్రులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వైద్య ఆరోగ్య శాఖ ఒక ఉత్తర్వు పంపితే చాలు. గల్ఫ్‌కు వెళ్లేవారికి ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో పాస్‌పోర్టు, అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు) జాగ్రత్తలతో పాటు, మందు పూసిన సన్నకన్నుల దోమతెర వెంట తీసుకెళ్లమని కూడా చెప్పాలి. మా అన్న వచ్చే నెలలో మళ్లీ వెళ్తున్నాడు. ఆ తెర కోసం మా మండల కేంద్రంలో ఎన్ని దుకాణాలు తిరిగినా దొరకలేదు.

— ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా