ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి బహిరంగ లేఖ: జిల్లా సమీక్షలను వీడియో కాన్ఫరెన్సులోనే జరపండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,

నమస్కారాలు. నేను శ్రీకాకుళంలోని ఒక జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. సర్వీసు చివరి ఎనిమిదేళ్లూ మా అధికారి వాహనం లాగ్ బుక్కు, టీఏ (ప్రయాణ భత్యం) బిల్లులు నా చేతుల మీదుగానే వెళ్లాయి. అంకెల సమీక్షల కోసం జిల్లా అధికారులను రాజధానికి పిలిపించే అలవాటును మాన్పించి, ఆ సమావేశాలను వీడియో కాన్ఫరెన్సులోనే జరిపించాలని ఆ అనుభవంతోనే మిమ్మల్ని కోరుతున్నాను.

శ్రీకాకుళం నుంచి వెలగపూడి సచివాలయం 450 కిలోమీటర్లకు పైమాటే. ఉదయం 11 గంటల సమావేశానికి ముందురోజు రాత్రి 11 గంటలకే బయలుదేరాలి. ఒకసారి ఫైళ్లు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. వేకువన 3 గంటల వేళ తుని దగ్గర డ్రైవరు బండిని రోడ్డు పక్కకు తీసి, సీసాలో నీళ్లు కళ్ల మీద చల్లుకుని, ఐదు నిమిషాలు స్టీరింగు మీద తల వాల్చి, మళ్లీ బయలుదేరాడు. మా జిల్లా వంతు సాయంత్రం 4 దాటాక గాని రాలేదు. మా అధికారి మాట్లాడింది ఆరేడు నిమిషాలు. చదివిన అంకెలు ముందురోజే మెయిల్‌లో పంపినవి. ఒక మండలంలో ప్రగతి ఎందుకు తగ్గిందని అడిగితే, ఆ సీటు చూసే గుమస్తా శ్రీకాకుళంలో ఉన్నాడు కనుక, "కనుక్కొని చెబుతాను సార్" అనడం తప్ప ఆయనకు దారి లేకపోయింది. తిరిగి వచ్చాక లాగ్ బుక్కులో 938 కిలోమీటర్లు రాశాను.

లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి ఆ దూరానికి 78 లీటర్ల డీజిల్ తాగుతుంది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది కాబట్టి, ఆ ఆరేడు నిమిషాల కోసం మేము వదిలింది 200 కిలోలకు పైనే. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 26 జిల్లాల లెక్కనే తీసుకుని, ఒక్కో జిల్లా నుంచి ఒక్కో బండి, పోనూ రానూ సగటున 500 కిలోమీటర్లు అనుకున్నా, ఒక్క శాఖ ఒక్కసారి పెట్టే సమావేశానికి 1,000 లీటర్లకు పైగా డీజిల్, దాదాపు 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. కలెక్టరేట్‌లో తెర, కెమెరా, కంప్యూటరు రెండు గంటలు నడిస్తే ఒకటి రెండు యూనిట్ల కరెంటు కాలుతుంది. యూనిట్‌కు ముప్పావు కిలో కార్బన్ డయాక్సైడ్ లెక్కన కట్టి, మధ్యలోని సర్వర్ల కోసం దానికి పది రెట్లు వేసుకున్నా ఆ డీజిల్ ముందు అది చాలా తక్కువే.

ఇది మనకు కొత్త విద్య కూడా కాదు. తొంభయ్యో దశకం చివర్లోనే, హైదరాబాదు రాజధానిగా ఉన్న ఉమ్మడి రాష్ట్రంలో, ముఖ్యమంత్రి కలెక్టర్లతో వీడియో కాన్ఫరెన్సులు జరపడం దేశమంతా చెప్పుకున్న సంగతి. 2015 మార్చిలో పథకాల సమీక్షకు మొదలైన 'ప్రగతి' వేదిక మీద ప్రధానమంత్రి రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులతో వీడియోలోనే మాట్లాడుతున్నారు. 2020 లాక్‌డౌన్‌లో సుప్రీంకోర్టు కూడా తెర మీదే వాదనలు విన్నది. ఆ నెలల్లో మా కార్యాలయానికి సమీక్షలన్నీ వీడియో కాన్ఫరెన్సు (వీసీ)లోనే జరిగాయి, ఒక్క నివేదికా ఆగలేదు. రోడ్లు తెరుచుకోగానే పిలుపులు కూడా మళ్లీ మొదలయ్యాయి.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితేనే కింది అధికారికి భయం, బాధ్యత ఉంటాయని కొందరు పెద్దలు అంటారు. నేను చూసింది వేరు. తన కార్యాలయంలో, పక్కన సెక్షన్ గుమస్తా, చేతికందే దూరంలో అసలు ఫైలు ఉన్న అధికారికి తప్పించుకునే దారి ఉండదు. అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు వస్తుంది, లేదా ఫైలులో జవాబు లేదన్న సంగతి అక్కడికక్కడే బయటపడుతుంది.

అధికారి రెండు రోజులు జిల్లాలో లేకపోతే నష్టపోయేది అర్జీదారులు. ఇచ్ఛాపురం నుంచి వంద కిలోమీటర్లు దాటి, కూలి మానుకుని, పాలిథిన్ సంచిలో పాస్‌బుక్కు, ఆధార్ నకలు పెట్టుకుని వచ్చిన ముసలాయనకు "సార్ విజయవాడ మీటింగుకు వెళ్లారు, వచ్చే వారం రండి" అని చెప్పింది నేనే. ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆయన మళ్లీ ఎక్కే బస్సు పొగ మా లాగ్ బుక్కులో ఎక్కడా ఉండదు.

ప్రయాణాలన్నీ వద్దని నా ఉద్దేశం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో కూలిన కొబ్బరి తోటలను ఎవరైనా వచ్చి, గట్ల మీద నడిచి చూడవలసిందే. డీజిల్ ఖర్చు పెట్టవలసింది అటువంటి చోట, ఊరి వైపు. రాజధానికి రాక తప్పని పని ఉంటే మాకు దగ్గరి స్టేషను ఆమదాలవలసలో రాత్రి రైలు ఎక్కవచ్చు. అది కరెంటుతో నడిచే మార్గం, పైగా డ్రైవరు ప్రాణానికి ముప్పు లేదు.

వీసీ సులువు కదా అని రోజుకు నాలుగు పెట్టి, రాత్రి 8 దాటినా సిబ్బందిని తెర ముందు కూర్చోబెట్టడం కూడా జరుగుతోంది. పని గంటల్లోనే, ముందుగా సమయం చెప్పి, జిల్లాల వారీగా పిలిస్తే తక్కినవారు తమ వంతు దాకా తమ పని చేసుకుంటారు.

ఇందుకు కొత్త చట్టం గాని, కొత్త పరికరాలు గాని అక్కరలేదు. జిల్లా అధికారిని రాజధానికి పిలిచే ప్రతి ఉత్తర్వులోనూ వీసీ ఎందుకు సరిపోదో రాయాలని మీరు ఒక మెమో ఇస్తే చాలు. లాగ్ బుక్కులో "ప్రయాణ ఉద్దేశం" అనే గడి ఎప్పటినుంచో ఉంది. మేము అందులో "సమావేశం" అని ఒక్క మాట రాసి సరిపెట్టేవాళ్లం. ఇకనుంచి ఆ కారణాన్ని పూర్తిగా రాయించి, మూడు నెలలకోసారి శాఖల వారీగా కిలోమీటర్లు, లీటర్లు ప్రజలకు వెల్లడించాలని వినయంగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత సూపరింటెండెంటు,
శ్రీకాకుళం