శ్రీబాగ్ గుర్తుంది సరే, గ్రంథాలయ పన్ను సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

రాజధాని మాట ఎత్తినప్పుడల్లా మన నాయకులకు శ్రీబాగ్ ఒడంబడిక గుర్తుకొస్తుంది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ పెద్దలు కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందం అది. రాజధానో హైకోర్టో, ఏది కావాలో ముందు సీమవాళ్లే కోరుకోవాలని అందులో ఉంది. టీవీ చర్చల్లో ఎవరికి పనికొచ్చే ముక్క వాళ్లు చదువుతారు. ఆ శ్రీబాగ్ మద్రాసు మైలాపూరులో ఒక ఇల్లనీ, అది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిదనీ చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఆయన సంపాదన ఎటు పోయిందో చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

పంతులుగారిది మా కృష్ణా జిల్లా ఎలకుర్రు. పుట్టింది 1867లో. పొట్ట చేతపట్టుకుని బొంబాయి వెళ్లి, 1893లో అక్కడ అమృతాంజనం తయారు చేసి అమ్మారు. కొత్త సరుకు కదా, ఎవరు కొంటారు? సంగీత కచేరీల్లో జనానికి ఊరికే పంచేవారట. ఈ రోజుల్లో షాపింగ్ మాల్ దగ్గర శాంపిల్ ప్యాకెట్లు పంచుతుంటే కొత్త తెలివి అనుకుంటాం! తలనొప్పి ఉన్నంతకాలం ఆ వ్యాపారానికి ఢోకా లేదు, డబ్బు బాగానే వచ్చింది. ఆ డబ్బుతో ఆయన 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక మొదలుపెట్టారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్‌కు అధ్యక్షుడిగా పనిచేశారు, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకీ వెళ్లారు. దేశోద్ధారక అన్న బిరుదు అందరికీ తెలిసిందే కాబట్టి ఆ వైపు ఎక్కువ రాయను.

నాకు ఎక్కువ నచ్చేది ఆయన పుస్తకాల మీద పెట్టిన ఖర్చు. 1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టి, పాల్కురికి సోమనాథుడి బసవపురాణం లాంటివి సామాన్యులు కొనగలిగే ధరకు అచ్చువేయించారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో కన్నుమూసేనాటికి ఆయన తయారుచేస్తున్న తెలుగు విజ్ఞాన సర్వస్వం (ఎన్‌సైక్లోపీడియా) ‘అ’ అక్షరం కూడా దాటలేదు. లాభం రాదని తెలిసీ ఆ పని భుజాన వేసుకున్నది పంతులుగారే. ఊరూరా గ్రంథాలయాలు పెట్టాలని అయ్యంకి వెంకటరమణయ్యగారి లాంటివాళ్లు తిరుగుతున్న కాలం అది. ఆ ఉద్యమానికి పంతులుగారు డబ్బుతోనూ మాటతోనూ అండగా నిలిచారు. అప్పటికి చట్టం లేదు, పన్ను లేదు. ఇచ్చినవాళ్లంతా జేబులోంచి తీసి ఇచ్చినవాళ్లే.

ఇప్పుడు చట్టం ఉంది. 1960 నాటి పౌరగ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చే డిమాండ్ నోటీసు ఒకసారి తీసి చూడండి, ఇంటి పన్ను కింద విడిగా ఆ పద్దు కనిపిస్తుంది. 5,000 రూపాయల పన్ను కట్టే ఇల్లయితే 400 రూపాయలు లైబ్రరీకన్నమాట. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల వసూలు ఠంచనుగా జరుగుతుంది, జమే జరగదు. ఏళ్ల తరబడి బకాయిలు పేరుకుపోతున్నాయని మీ పత్రికలోనే ఎన్నోసార్లు చదివాం. కట్టడం ఆలస్యమైతే మన దగ్గర వడ్డీ పిండుతారు. అదే డబ్బును వాళ్లు ఇంకోదానికి వాడుకుంటే అడిగే దిక్కు లేదు.

మా పట్టణంలోని శాఖా గ్రంథాలయంలో పొద్దున్నే పేపరు వచ్చేసరికి నలుగురైదుగురు పెద్దవాళ్లు కాచుకుని ఉంటారు. వచ్చే పేపర్లు తగ్గిపోయాయి కాబట్టి ఒకదాన్నే విడదీసి పంచుకుంటారు. మెయిన్ ఒకరికి, జిల్లా ఎడిషన్ ఒకరికి, ఆటల పేజీ ఇంకొకరికి. మధ్యాహ్నం నుంచి గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివే పిల్లలు వస్తారు. పుస్తకాలు వాళ్లవే, ఫోన్ ఛార్జర్ వాళ్లదే. లైబ్రరీ ఇచ్చేది కుర్చీ, ఫ్యాను. బీరువాలో జనరల్ నాలెడ్జ్ పుస్తకం తీస్తే అందులో ఆంధ్రప్రదేశ్‌కు ఇంకా 23 జిల్లాలే. లైబ్రేరియన్‌ని తప్పు పట్టలేం. నిధులు వస్తే కదా కొత్తవి కొనేది!

అందుకే రెండు విషయాలు కోరుతున్నాను. మొదటిది, ప్రతి మున్సిపాలిటీ, పంచాయతీ గ్రంథాలయ పన్ను కింద ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అన్నది మూడు నెలలకోసారి గ్రంథాలయం నోటీసు బోర్డు మీదే అంటించాలి. రెండోది, పన్ను ఇప్పుడు చాలామంది ఫోన్లోనే కడుతున్నారు. ఆ 8 పైసలు మున్సిపాలిటీ ఖాతా ముఖం చూడకుండా నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాకు వెళ్లేలా చేయడం ఈ రోజుల్లో పెద్ద పనేం కాదు. చేయాలన్న మనసుంటే నెలలో అయిపోతుంది.

ఒడంబడిక కుదిరాక పంతులుగారు ఐదు నెలలైనా బతకలేదు, 1938 ఏప్రిల్ 11న పోయారు. ఆయన జయంతికి దండలు వేసే కార్యక్రమాలు ఎలాగూ ఉంటాయి. ఈసారి ఆ వేదిక ఎక్కే ఎమ్మెల్యేలు, మున్సిపల్ ఛైర్మన్లు తమ ఊరి గ్రంథాలయ పన్ను బకాయి ఎంతో కాగితం మీద రాసుకుని వచ్చి మైకులో చదవాలి. మీ విలేకరులు కూడా ఆ అంకె అడిగి, మరుసటి రోజు పేపర్లో వేయాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కృష్ణా జిల్లా