మాత్ర వేశారు సరే, పేగు చూశారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్ర వేస్తారు. 2015 నుంచి జరుగుతున్న మంచి పని, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ తర్వాత మనకు చెప్పేది ఒకటే లెక్క, ఎంతమందికి వేశారు అని. వేశాక ఆ పిల్లల పేగు ఎలా ఉందో ఎవరూ చెప్పరు.

మా పాప నాలుగో తరగతి. బడిలో ఆ నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్, నమిలి మింగింది. నెల తిరక్కుండా మళ్లీ బొడ్డు చుట్టూ నొప్పి, అన్నం పెడితే కంచం పక్కకు నెట్టేయడం. మాత్ర వేశారు కదా, పురుగులై ఉండవులే అని నేనే రెండు నెలలు ఊరుకున్నాను. చివరికి డాక్టర్ మోషన్ టెస్ట్ రాస్తే కొరడా పురుగు గుడ్లు కనబడ్డాయి. ఒక్క డోసుకు ఏలికపాములు బాగానే పోతాయి గానీ ఈ కొరడా పురుగు చాలాసార్లు పూర్తిగా పోదట, సన్నటి తలభాగాన్ని పెద్దపేగు గోడలోకి దూర్చి పట్టుకుని ఉంటుందట.

అదే శాంపిల్‌లో కాల్‌ప్రొటెక్టిన్ కూడా చూడమన్నారు. పేగు వాచినప్పుడు ముఖ్యంగా న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్త కణాల నుంచి వచ్చి మలంలో కలిసే ప్రొటీన్ అది. సూది లేదు, ఏడుపు లేదు, మూతకే చిన్న చెంచా ఉన్న ఒక డబ్బా, అంతే. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే మామూలు అంటారు, మా పాపకు 180 వచ్చింది. పురుగుల మందు మూడు రోజుల కోర్సు వేసి, ఆరు వారాలు ఆగి మళ్లీ చేయిస్తే 40. గుడ్లూ లేవు. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే గానీ నా టెన్షన్ తీరలేదు.

ఈ టెస్ట్ ఒక్కటే చాలదని కూడా డాక్టర్ చెప్పారు. వేరే ఇన్ఫెక్షన్ ఉన్నా, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడినా ఆ అంకె పెరుగుతుంది, బాగా చిన్నపిల్లల్లో మామూలుగానే ఎక్కువ. పైగా పురుగుల మీదికి ఎక్కువగా వచ్చేవి ఇసినోఫిల్స్ అనే వేరే రకం తెల్లరక్త కణాలు, అందువల్ల పురుగులున్నా కాల్‌ప్రొటెక్టిన్ పెరగకపోవచ్చు. గుడ్ల లెక్క, ఈ అంకె రెండూ కలిపి, మందుకు ముందోసారి, తర్వాతోసారి చూడాలి.

పిల్లలందరికీ చేయమనడం లేదు, అది అయ్యే పని కాదు. కొన్ని బస్తీ బడులు ఎంచుకుని, బడికి యాభై మందికి ఆగస్టు 10కి ముందూ తర్వాతా చేయొచ్చు కదా. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది, ఇంత తెలిసినవాళ్లున్న ఊరు మనది. మా బస్తీలో పిల్లలు మురికి కాలువ పక్క మట్టిలో ఆడి అదే చేత్తో తినేస్తారు, మందు వేసినా మళ్లీ అంటుకునేది అక్కడే. వాళ్లకు ఆరు నెలలకో మాత్ర సరిపోతోందో లేదో చూడకుండా ఎలా తెలుస్తుంది?

మా పాప బడి నుంచే మొదలుపెడతామంటే, ఇంటింటికీ తిరిగి తల్లులకు చెప్పి డబ్బాలు పంచడానికి నేను వస్తాను.

– ఒక తల్లి, బోరబండ, హైదరాబాద్