కలుపు సాగు చేస్తున్నా, నవ్వకు

అరే శీనూ,

ఎలా ఉన్నావ్? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? ఈ సంగతి ఫోన్‌లో చెబితే మధ్యలోనే నవ్వి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నా. పోయిన దసరా తర్వాత మీ పత్తి చేను గట్టు మీద ఎండిన గునుగు కంకులు కోసి, పేపర్లో చుట్టుకుని తెచ్చుకున్నాను గుర్తుందా? "కలుపు విత్తనం పట్నానికెందుకురా" అన్నావు. ఎందుకంటే, సాగు చేశాను. నువ్వు కూలీలను పెట్టి పీకించే మొక్కను నేను పొద్దున లేవగానే పోయి చూసుకుని వస్తున్నా.

పోయినేడు బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందు రోజు ఇక్కడి మార్కెట్లో ఇంత చిన్న గునుగు కట్ట కొన్నాం. బండి మీద ఇంటికి తెచ్చేసరికి సగం నలిగింది. అమ్మ దాన్ని చూసి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. 2014లో బతుకమ్మను తెలంగాణ రాష్ట్ర పండుగ చేశాక అపార్టుమెంట్ల కింద కూడా బతుకమ్మలు పేరుస్తున్నారు, మంచిదే. కానీ ఊరి చుట్టూ ఉన్న బీళ్లు వెంచర్లయ్యాయి. పువ్వు ఎక్కడి నుంచి రావాలి?

మొదట మొత్తం తెలివి తక్కువ పనే చేశాను. మే నెలలో మిద్దె మీద కుండీల్లో ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు కలిపి, బెండ విత్తనం పెట్టినట్టు వేలితో గుంత చేసి మరీ పెట్టాను. పూటపూటా నీళ్లు. సగం మొలవనే లేదు. మొలిచినవి కొన్ని మొదలు కుళ్లి పడిపోయాయి. మిగిలినవి తోటకూర మడిలా ఏపుగా ఆకులేసి, గాలికి ఒరిగిపోయాయి. అమ్మ వాటి లేత కొసలు తుంచి పప్పులో వేసింది. "ఇదన్నా పనికొచ్చింది" అంది. పప్పు బాగుంది, అది వేరే మాట.

కాగితంలో ఇంకా పిడికెడు విత్తనం ఉంది. మా పక్క ప్లాటులో పునాది తవ్విన మట్టి పోసి వదిలేశారు. మొరం, ఇటుక ముక్కలు, సున్నం పెళ్లలు. ఓనర్‌ను అడిగితే "కూరగాయలా?" అన్నాడు. పూలన్నాను. గునుగని చెబితే వద్దంటాడేమోనని భయం. మృగశిర వాన పడిన మర్నాడు పారతో పైపైన గీకి, విత్తనంలో ఇసుక కలిపి చల్లి, చెప్పుకాళ్లతో తొక్కి వచ్చేశాను. మట్టి కప్పలేదు. ఎరువు లేదు. వారం తిరక్కుండా మొలకలు!

ఆ విత్తనం చూశావుగా, నల్లగా, నిగనిగలాడుతూ, ఆవగింజ కంటే చిన్నది. లోతు నుంచి పైకి రావడానికి దాని కడుపులో తిండి ఎక్కడుంటుంది? మట్టి పైనే పడి ఉండాలి. కదలని నేలలో గడ్డి దాన్ని ఎదగనివ్వదు. దున్నిన చోట, తవ్విన చోట కొన్నాళ్లు పోటీ ఉండదు కాబట్టి అక్కడ లేస్తుంది. అంటే ఏటా నాగలి పెట్టి దానికి పడక వేసేది నువ్వే. నువ్వు రెండేళ్లు దున్నకుండా చూడు, ఆ చేను గడ్డిదవుతుంది. నీ కలుపుకు అసలు రైతువు నువ్వేరా!

జూలైలో వాన మొహం చాటేసింది. ఆకులు వేలాడుతుంటే ఆగలేక బకెట్ ఎత్తాను. అమ్మ వచ్చి లాక్కుంది. "చేన్ల గునుగుకు ఎవడు పోసిండ్రా నీళ్లు?" మళ్లీ వానకు అవే తలెత్తాయి. ఇక్కడి ఆకు మాత్రం నేనే కూరకు కోయనివ్వలేదు. పాడు మట్టిలో కాడ్మియం లాంటి లోహాలుంటే ఈ మొక్క వాటిని ఆకుల్లోకి లాగేసుకుంటుందట.

ఇప్పుడు నడుమెత్తు ఉన్నాయి. పగళ్లు కురచనవుతున్నాయిగా, కంకులు తీశాయి. కొసన గులాబి రంగు, కింద వెండి తెలుపు. శాస్త్రం పేరు సెలోసియా అర్జెంటియా, అందులో అర్జెంటియా అంటే వెండిలాంటిదనే. మీ పెరట్లో సీతజడ కూడా ఈ జాతిదే. రేకులు కాగితంలా పొడిగా ఉంటాయి కాబట్టే రంగులో ముంచినా పట్టుకుంటుంది, తొమ్మిది రోజులూ వాడినట్టు కనిపించదు. కంకి కింద గింజ ముదురుతుంటే పైన ఇంకా పూస్తూనే ఉంటుంది. అందుకే విత్తనం కోసం ఓ పది మొక్కలు కోయొద్దని మా పిల్లకు గట్టిగా చెప్పాను. వినదు, వాళ్ల నానమ్మను కావలి పెట్టాను.

నీతో రెండు పనులున్నాయి. ఆ గట్టు మీద గడ్డిమందు కొట్టకు. చేనులో నీ ఇష్టం, గట్టు మాత్రం నాకొదిలెయ్. రెండోది, సద్దుల బతుకమ్మకు అందరూ ఇక్కడికే రండి. వచ్చేటప్పుడు గుట్ట కింది నుంచి ఓ మోపు తంగేడు కోసుకురా. అది పొద, ఒక వానకాలంలో నా మట్టికుప్ప మీద ఎక్కడ పూస్తుంది? తడిగుడ్డ చుట్టి తీసుకురా, బస్సులో కిటికీ పక్కన పెట్టకు.

ఉంటా మరి,
నీ రమేశ్