చవక స్కూటర్‌కు స్పేర్లు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

చైనా విడిభాగాలతో బిగించిన చవక ఎలక్ట్రిక్ స్కూటర్లు బెజవాడలో ఏ సందులో చూసినా కనిపిస్తున్నాయి. వేగం 25 కిలోమీటర్లు, మోటారు 250 వాట్లు దాటకపోతే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు గనుక పిల్లలకు కొనిపెడుతున్నారు. చైనా సరుకంతా నాసిరకమని కొట్టిపారేయలేం, మంచి మోటార్లూ అక్కడి నుంచే వస్తున్నాయి. చిక్కంతా కొన్న తర్వాతే. మా పక్కింటివారి బండి రెండో వానాకాలానికే మొరాయించింది. మోటారుకు కరెంటును అదుపు చేసే కంట్రోలర్ విప్పితే పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. దానిమీద పార్టు నంబరు కూడా లేదు! ఎంత పాత బండికైనా ప్రాణం పోసే ఆటోనగర్ మెకానిక్కులే చేతులెత్తేశారు. అమ్మిన షాపు ఎప్పుడో మూతపడింది.

2000 ప్రాంతంలో వియత్నాంను చైనా మోటారుసైకిళ్లు ముంచెత్తాయి. 2002లో హోండా తక్కువ ధరకు వేవ్ ఆల్ఫా మోటారుసైకిల్ తెచ్చాక వాటి జోరు తగ్గింది. ధర కాస్త ఎక్కువైనా మన్నికే కావాలనుకునేవారు అక్కడా తక్కువేం కాదు.

లెడ్ యాసిడ్ బ్యాటరీ మార్చే రోజున అసలు ఖర్చు తెలుస్తుంది. బ్యాటరీ, కంట్రోలర్, ఛార్జర్ కనీసం ఐదేళ్లు దొరుకుతాయని డీలర్లు బిల్లు మీదే రాసిచ్చేలా రవాణా శాఖ ఆదేశించాలి.

– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ