సేవకు వెళ్లే పిల్ల చేతిలో లక్షా ఎనభై వేల బిల్లా?

సంపాదకుల వారికి,

పది పన్నెండు రోజుల కిందట మీ జిల్లా పేజీలో విదేశాల్లో సేవ చేయడానికి మన కుర్రకారు ఉరకలు వేస్తున్నారని ఒక వార్త వేశారు. అదే పేజీలో కింద పావు భాగం ఒక కన్సల్టెన్సీ ప్రకటన. పైదానికీ కిందిదానికీ బొమ్మ ఒకటే కావడంతో ఏది వార్తో ఏది ప్రకటనో నాకు పాలుపోలేదు. వెంటనే రాద్దామనుకున్నాను గానీ, ఆ పది రోజులూ మా ఇంట్లో నడిచిన గొడవ కూడా ఇదే.

నేను నీటిపారుదల శాఖలో లస్కరుగా, అంటే కాలువ కాపలాదారుగా చేరి వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ణి. డెబ్బై ఒకటి నడుస్తోంది. నా మనవరాలు బి.ఎస్సీ నర్సింగ్ పాసై కాకినాడలో ఒక ఆసుపత్రిలో చేస్తోంది. ఏడాదిగా దానిది ఒకటే పట్టు, కెన్యా వెళ్లి కొన్నాళ్లు సేవ చేసి వస్తానని. ఫోన్లో స్వాహిలీ నేర్చుకుంటోంది. కాఫీ గ్లాసు చేతికిస్తే 'అసాంతె తాతయ్యా' అంటుంది, థాంక్స్ అని అర్థమట. జీతంలో నెలకింత తీసి బియ్యం డబ్బా వెనకాల పెట్టిన డబ్బాలో వేసుకుంటోంది. బ్యాంకుంది కదే అంటే, కళ్లెదురుగా కనబడితే హుషారుగా ఉంటుంది అంటుంది.

ఊళ్లో ఈ మాట చెబితే ఎవరికీ ఎక్కదు. మా రాష్ట్రంలో వాలంటీరంటే 2019 ఆగస్టు 15 నుంచి ఒకటే అర్థం కదండీ, యాభై ఇళ్లకొకరు, ఒకటో తారీకున పింఛను, అయిదు వేల గౌరవ వేతనం. 2024లో వాళ్లను పక్కన పెట్టినా ఆ అర్థం పోలేదు. మా పక్కింటాయన విని, 'ఆయ్, అదేటండీ బాబూ, ఇక్కడ తీసేసినోళ్లని కెన్యావోళ్లు పెట్టుకుంటన్నారేటండీ?' అన్నాడు. జీతం లేదని చెప్పాక పిల్ల వంక జాలిగా చూశాడు.

ఈ పిచ్చి దానికి అంటించింది నేనే. 1996 నవంబరు 6 తుపాను తర్వాత ఐ.పోలవరం మండలంలో గట్లు పూడుస్తున్నప్పుడు ఎవరో ఇద్దరు విదేశీ కుర్రాళ్లు వచ్చారు. ఒకడికి భాష రాదు, ఎండ అలవాటు లేదు, మెడంతా కందిపోయింది. ఏం కావాలి బాబూ అని సైగ చేస్తే నా చేతిలో పార చూపించాడు. నాలుగు రోజులు మట్టి ఎత్తి, మాతో పాటు విస్తట్లో పప్పూ అన్నం తిని, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడు. ఫొటోలు దిగినట్టు కూడా నాకు గుర్తు లేదు. చిన్నప్పుడు మా పిల్లకు రాజుల కథల కంటే ఈ కథే ఎక్కువసార్లు చెప్పాను. అందుకే దాన్ని వద్దనే నోరు నాకు లేదు.

ఇక ఆ ప్రకటన సంగతి. నంబరుకు ఫోన్ చేస్తే రమ్మన్నారు, తాతా మనవరాలం వెళ్లాం. ఏసీ గది, గాజు బల్ల, ఒక రంగుల పుస్తకం. కెన్యాలో నాలుగు వారాల 'సేవ'కు లక్షా ఎనభై వేలు. విమానం టికెట్టు, టీకాలు, ప్రయాణ అనుమతి వేరే. ఎవరికండీ ఈ డబ్బు అంటే నిర్వహణ ఖర్చులన్నారు. రసీదు నమూనా చూపించమంటే చూపించారు, దాని మీద 'టూర్ ప్యాకేజీ' అని ఉంది. వెళ్లేది టూరిస్టు అనుమతి మీదట. చాలా దేశాల్లో టూరిస్టు వీసా మీద వచ్చి జీతం లేని పని చేసినా తప్పేనని, పట్టుకుంటే తిప్పి పంపుతారని మా పిల్ల అంటే, 'ఎవరూ అడగరు మేడమ్' అన్నాడు అబ్బాయి.

అంతటితో పోనిచ్చినా, పిల్లకు నిజంగా కోపం తెప్పించింది ఆ పుస్తకంలో పదకొండో పేజీ. వైద్య చదువు అక్కర్లేదట, ఇంటర్ పాసైతే చాలు, అక్కడి ఆసుపత్రిలో సూదులు వేయడం, కుట్లు వేయడం నేర్పిస్తారట. నాలుగేళ్లు చదివి, నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుంటే గానీ ఇక్కడ దాన్ని రోగి మీద చెయ్యి వేయనివ్వలేదు. కెన్యావాడి చెయ్యి మాత్రం నేర్చుకోవడానికా? తర్వాతి పేజీలో అనాథ పిల్లల ఆశ్రమం, వారం రోజులు పిల్లల్ని ఎత్తుకుని ఆడించవచ్చునని. ఇలా డబ్బిచ్చి వచ్చేవాళ్ల కోసమే తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా పల్లెల నుంచి తెచ్చి అనాథల పేరుతో ఆశ్రమాల్లో పెట్టడం నేపాల్‌లో, కంబోడియాలో బయటపడిందని, 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల తీర్మానంలోనూ ఈ రకం సేవ వల్ల జరిగే చెరుపు గురించి చెప్పారని బస్సులో వస్తూ నాకు చదివి వినిపించింది. మీ విలేకరికి ఇది కనబడలేదేమో. ఫోన్లో వెతికితే పావుగంట పని.

మా కోనసీమ నుంచి ఎన్ని వందల మంది ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లల్లో పనికి పోయారో మీకు నేను చెప్పక్కర్లేదు. విదేశాలకు పనివాళ్లను పంపే ఏజెంటు 1983 నాటి వలస చట్టం కింద రిజిస్టరు చేయించుకోవాలి. సర్వీసు ఛార్జీ ముప్పై వేలు, పైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఆచరణలో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు, సబ్ ఏజెంట్లు ముంచినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అయినా పోలీసు స్టేషనుకు వెళ్లి ఫలానా వాడికి లైసెన్సు లేదు అని చెప్పుకోవడానికి ఒక నిబంధనంటూ ఉంది. సేవకు పంపేవాడికి? జీతం ఇచ్చేది లేదు కాబట్టి ఇది ఉద్యోగమే కాదట, ఆ చట్టం తమకు పట్టదట. గాజు బల్ల అబ్బాయే నవ్వుతూ చెప్పాడు. అంట్లు తోమడానికి పంపితే పరిమితి ముప్పై వేలు, పుణ్యానికి పంపితే పరిమితే లేదు.

పాస్‌పోర్టు ముచ్చట కూడా చెప్పి తీరాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరంతో సరిపెట్టారు. పేరులోని లక్ష్మి ఒకచోట కె, ఎస్, హెచ్‌లతో, ఇంకోచోట ఎక్స్‌తో. పుట్టినప్పుడు మేం పెట్టింది ఒక్క లక్ష్మే. ఇద్దరు లక్ష్ములూ ఒకరేనని నిరూపించడానికి మూడు ఆఫీసులు, రెండు అఫిడవిట్లు, నాలుగు నెలలు. పాస్‌పోర్టు ఫీజు 1,500. పోలీసు వెరిఫికేషన్‌కు విడిగా రుసుమేమీ లేదు. ఇంటికొచ్చినాయన మాత్రం గుమ్మంలో నిలబడి, 'టీ ఖర్చులుంటాయి కదండీ' అన్నాడు. టీ ఇచ్చాం. తాగాడు. అయినా నిలబడే ఉన్నాడు.

కన్సల్టెన్సీ విషయం రాసి సోమవారం అర్జీల రోజున ఒక ఆఫీసులో ఇచ్చాను. మూడో రోజుకల్లా ఫోనుకు మెసేజీ, మీ సమస్య పరిష్కరించబడినది అని. ఎలా పరిష్కరించారో అడుగుదామని వెళితే, ఏ శాఖదో తెలియక మూసేశామన్నారు. ఇదేం కొత్త కాదు లెండి. మా లాకు దగ్గర తలుపు తుప్పు పట్టిపోయిందని సర్వీసులో ఉండగా నేను రాసిన నోట్లు అన్నీ ఇలాగే పరిష్కారమయ్యాయి. ఏటా మే 15న కాటన్ దొర విగ్రహానికి దండ వేసి, ఎక్కడి ఇంగ్లండు నుంచో వచ్చి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి మన కడుపు నింపాడని మైకులో చెబుతారు. 16న చూస్తే ఆయన నీళ్లిచ్చిన కాలువలో నీళ్లు కనబడవు, గుర్రపుడెక్కే. దొరకు కంపెనీ వాళ్లు జీతమిచ్చారు, అది వేరే సంగతి. తీరా అదే గోదావరి నుంచి ఒక పిల్ల ఇంకో దేశానికి పనికొస్తానంటే ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో చెప్పే మనిషి లేడు.

డబ్బు కట్టకుండా వెళ్లే దారి లేదా అంటే ఉంది. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ 1970లో పుట్టింది, జర్మనీలోని బాన్‌లో ఆఫీసు. వాళ్లు మన దగ్గర పైసా తీసుకోరు, నెలనెలా జీవన భృతి వాళ్లే ఇస్తారు. కాకపోతే అనుభవం అడుగుతారు, సరైన అనుమతి తీసుకునే రమ్మంటారు, ఆగమంటారు. ఎనభై ఏళ్ల వరకు తీసుకుంటారని తెలిసి మా పిల్ల నా పేరు కూడా రాస్తానని బెదిరిస్తోంది. ఎల్లో ఫీవర్ టీకా ఎంపిక చేసిన కేంద్రాల్లోనే వేస్తారనీ, ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలనీ, ఆ కాగితం లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా పెడతారనీ కూడా అదే తెలుసుకుంది. గాజు బల్ల దగ్గర ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. సేవ పేరుతో డబ్బు తీసుకుని విదేశాలకు పంపే ప్రతివాడూ రిజిస్టరు చేయించుకోవాలి, ఏ సంస్థకు పంపుతున్నాడో, ఏ వీసా మీదో, ఎంత ఎవరికి పోతుందో రసీదు మీద రాయాలి. కలెక్టరాఫీసులో వారానికి ఒక్క పూటైనా ఈ విషయం తెలిసిన మనిషిని కూర్చోబెట్టాలి. ఇక మీరు, దయచేసి వార్తకూ ప్రకటనకూ మధ్య ఒక గీతైనా గీయండి.

పిల్ల ప్రయాణం ఇంకా కుదరలేదు. ఇంకో ఏడాది కాకినాడలోనే చేసి అప్పుడు దరఖాస్తు పెడతానంటోంది. డబ్బా మాత్రం బియ్యం డబ్బా వెనకాలే ఉంది. ఆ రంగుల పుస్తకం నా దగ్గరుంది. మీ విలేకరి వస్తే పదకొండో పేజీ మడత పెట్టి ఇస్తాను, తిరిగి ఇవ్వనక్కర్లేదు.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
ముమ్మిడివరం, కోనసీమ జిల్లా.