సంవత్సరం లేని తేదీలు

సంపాదకులకు నమస్కారం.

మన గుంటూరు మిర్చి వ్యాపారంలో కోల్డ్ స్టోరేజీ రసీదుల మీద, కాటా చీటీల మీద తేదీని ‘12-4’ అని రాసి ఊరుకోవడం పాత అలవాటు. చేతిరాత పద్దుల కాలంలో దానివల్ల పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. పుస్తకం అట్ట మీద సంవత్సరం ఉండేది, ఏది ఏ పంట సరుకో గుమాస్తాకు గుర్తుండేది. ఇప్పుడు ఆ చీటీలనే ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నందున వస్తున్న చిక్కును మీ పత్రిక ద్వారా వ్యాపారుల, రైతుల దృష్టికి తేదలిచాను.

ఎక్సెల్‌లో రోజు, నెల మాత్రమే కొడితే, ఆ సమయానికి కంప్యూటర్ గడియారంలో ఏ సంవత్సరం ఉంటే దాన్నే అది చేర్చుకుంటుంది. సరుకు ఎప్పుడొచ్చిందో దానికి తెలియదు కనుక టైపు చేసిన రోజే దానికి ఆధారం. పైగా గడిలో ‘12-ఏప్రిల్’ అని మాత్రమే కనిపిస్తుంది. సంవత్సరం తెలియాలంటే ఆ గడి మీద నొక్కి పైనున్న ఫార్ములా బార్ చూడాలి. 28-12 అని ఉన్న చీటీని జనవరి మొదటి వారంలో ఎక్కిస్తే, సరుకు రాబోయే డిసెంబరులో వచ్చినట్టు నమోదవుతుంది. ఇది కొంత నయం, నిల్వ రోజులు మైనస్‌లోకి పోతాయి కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. నిరుడు ఏప్రిల్‌లో పెట్టిన టిక్కీలను (మిర్చి బస్తాలను) ఈ ఏడాది జూన్‌లో ఎక్కించినప్పుడు మాత్రం అనుమానం రావడానికి ఏమీ ఉండదు. నిల్వలో రంగు తగ్గిన నిరుటి కాయ కాస్తా లెక్కల్లో రెండు నెలల కొత్త సరుకైపోతుంది. ఈ మధ్య ఒక కొట్టులో జాబితాను తేదీల వరుసలో పేర్చగా, చూపుకు ఒకే తేదీ ఉన్న రెండు పద్దులు ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో తేలాయి. ఒక చీటీ ఆ ఏడే ఎక్కింది, రెండోది ఏడాది ఆలస్యంగా ఎక్కింది, అంతే తేడా.

అన్ని సాఫ్ట్‌వేర్‌లూ ఒకే తీరుగా ఊహించవు. లీపు కాని ఏడాదిలో ఎక్సెల్‌లో ఇంగ్లిషులో ‘ఫిబ్రవరి 29’ అని కొడితే, అది 29ని సంవత్సరంగా తీసుకుని 2029 ఫిబ్రవరి 1గా మారుస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తేదీలను చదివే స్ట్రిప్‌టైమ్ అనే ఆదేశం మాత్రం సంవత్సరం ఇవ్వకపోతే 1900 అనుకుంటుంది. 1900 లీపు సంవత్సరం కాదు గనుక ఫిబ్రవరి 29ని అసలు ఒప్పుకోదు. నాకు ఈ మొండితనమే మేలనిపిస్తుంది, ఎందుకంటే 1900 అని పడ్డ తేదీ ఎవరి కంటా పడకుండా పోదు.

కనుక రసీదు పుస్తకాలు అచ్చు వేయించే కోల్డ్ స్టోరేజీల యజమానులు తేదీ పక్కన సంవత్సరానికి నాలుగు గళ్లు విడిగా పెట్టించాలి. సంవత్సరాన్నే అచ్చు వేయించమని కొందరంటారు గాని, మిగిలిన పుస్తకాన్ని మనవాళ్లు మరుసటి ఏడాదీ వాడేస్తారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు సంవత్సరం లేని తేదీని సొంతంగా పూరించకుండా, టైపు చేసేవారిని అడిగేలా మార్చాలి. ఇప్పటికే ఎక్కించిన ఫైళ్లలో తేదీలన్నీ నాలుగంకెల సంవత్సరంతో కనిపించేలా పెట్టుకుని, ఈ సీజను అద్దె లెక్కలు తేల్చకముందే అసలు రసీదులతో ఒకసారి సరిచూసుకోవాలని మనవి.

భవదీయుడు,
ఒక కమీషన్ కొట్టు గుమాస్తా,
పట్నంబజారు, గుంటూరు.